మా బంగారపు అంగడి: నాలుగు తరముల వృత్తాంతము

బంగారము కొనువానికి బంగారమునుగూర్చి తెలియునది మిక్కిలి తక్కువ. బియ్యము కొనువాడు గింజను పంటితో కొరికి చూచును. బట్ట కొనువాడు నేతను వెలుతురునకు పట్టి చూచును. నగ కొను గృహిణికి పచ్చని రంగును, చేతికి తగులు బరువును మాత్రమే తెలియును. ఆ రంగులో రాగి యెంత, వెండి యెంత, ఆ బరువులో లక్క యెంత యను సంగతి అమ్మువాని మాటవలననే ఆమె తెలిసికొనవలెను. కావున ఈ వర్తకము మొదటినుండియు మాటమీద నిలిచిన వర్తకము. ఆ మాట ఒక కుటుంబమున తండ్రినుండి కుమారునకు ఎట్లు వచ్చునో, ఎక్కడెక్కడ పరీక్షకు నిలుచునో మా అంగడి చరిత్రవలన కొంత తెలియగలదు. ఈ సంచికకు పూర్వవిద్యార్థిగా ఏదైన వ్రాయుమని మన ఉపాధ్యాయులు కోరిరి. నాకు బాగుగా తెలిసిన విషయ మిదియొక్కటియే గనుక దీనినే వ్రాయుచున్నాను.

మా ముత్తాతగారిది రేపల్లె. 1855వ సంవత్సరమునాటికి బెజవాడవద్ద కృష్ణానదికి ఆనకట్ట పూర్తియైన పిమ్మట పడమటి కాలువల నీరు తెనాలి, రేపల్లె ప్రాంతములకు పారి, ఈ నేల వరిపొలములతో నిండెను. 1899లో బెజవాడ మద్రాసుల నడుమ రైలుమార్గము కలిసి, తెనాలియు బాపట్లయు ఆ దారిమీది స్టేషను లయ్యెను. 1916లో రేపల్లెకును రైలు వచ్చెను. వరి పండిన యింట పెండ్లి జరుగును. పెండ్లి జరుగు నింట పుస్తెలు కావలెను. ఇట్లు కాలువ నీరే కంసాలి కుంపటికి పని కల్పించెను.

ఆ దినములలో మా ముత్తాతగారికి అంగడి లేదు. కుంపటి, ఊదుగొట్టము, దాగలి, సుత్తె, శ్రావణము, కంబచ్చు, త్రాసు మూటగట్టుకొని పెండ్లివారి యింటికే పోయి, అరుగుమీద కూర్చుండి, వారి బంగారముతోనే నగలు చేసెడివారు. ఇంటి ముసలమ్మ ఒకతె ఎదుట పీటవేసికొని కూర్చుండి, కుంపటినుండి చూపు మరల్చక చూచుచుండెడిదట. ఆమె చూచుటకు కారణము లేకపోలేదు. తల్లి నగ చేయునప్పుడైనను కంసాలి కొంత మిగుల్చుకొనునను భావము గల సామెత మన దేశమంతట వ్యాపించియున్నది. ఎంత నిజాయితీపరుడైన కంసాలియైనను ఆ సామెతను వెంటబెట్టుకొనియే గుమ్మము త్రొక్కవలెను.

మా ముత్తాతగారు ఆ సామెతపై కోపగించుకొనలేదు. దానికి విరుగుడుగా మూడు నియమములు పెట్టుకొనిరి. మొదటిది, పని మొదలిడునప్పుడును ముగించినప్పుడును ఇంటివారి యెదుట తూచుట. ఆనాటి రూపాయి నాణెము సరిగా ఒక తులము తూగెడిది గనుక, ఇంటివారు తమ పెట్టెలోని రూపాయి తెచ్చి మా త్రాసు సరియైనదో కాదో తామే చూచుకొనవచ్చును. తులమునకు తక్కువైన తూనికకు గురిగింజలు వాడెడివారు. తొంబదియారు గింజలు ఒక తులము. రెండవది, ఆకురాయి పొడిని, తునకలను కాగితములో పొట్లముకట్టి నగతోపాటు తిరిగి యిచ్చుట. మూడవది, ఎవరి నగ, ఎంత తూకము, ఏ మచ్చు, ఏ రాయి యను వివరములన్నియు చిట్టాలో వ్రాసికొనుట. కంసాలి చిట్టా వ్రాయుట ఆ కాలమున వింతగా నుండెనట. ఆ చిట్టాయే మా కుటుంబమునకు మూలధనమైనది.

గీటురాయి సంగతి మన విద్యార్థులు తెలిసికొనదగినది. అది నున్నని నల్లరాయి. దానిమీద నగను గీసినచో పచ్చని చార పడును. దాని ప్రక్కనే మచ్చము తెలిసిన బంగారపు పుల్లతో మరియొక చార గీసి, రెండింటి రంగును పోల్చిచూతురు. పిమ్మట నత్రికామ్లపు చుక్క వేసినచో రాగి, వెండి కరగిపోవును, బంగారము నిలుచును. నిలిచిన చార ఎంత నిండుగా నున్నదో దానినిబట్టి మచ్చము చెప్పుదురు. రాయి అబద్ధ మాడదు. అయినను ఆ చారను చదువు కన్ను మనుష్యునిది గనుక, సత్యము చెప్పుటయు చెప్పకపోవుటయు ఆ మనుష్యునిమీదనే యుండును.

మా ముత్తాతగారికి గొప్ప పరీక్ష 1931లో వచ్చెను. అంతకు రెండేండ్లకు ముందునుండి లోకమంతట ధరలు పడిపోయి, ధాన్యము కొనువారు లేకుండిరి. 1931 సెప్టెంబరులో బ్రిటను దేశము బంగారు ప్రమాణమును విడిచిపెట్టెను. దానితో రూపాయలలో బంగారపు ధర పెరిగెను. ధాన్యమునకు ధర లేదు, శిస్తు కట్టక తప్పదు, నగలకు మాత్రము ధర కలదు. దేశమందలి రైతుకుటుంబములు నగలను అమ్ముకొనగా, ఆ బంగారము బొంబాయి రేవునుండి ఓడలమీద పరదేశములకు పోయెను. రేపల్లెలోను పెట్టెలు తెరవబడెను. తాను పది సంవత్సరములకు ముందు పెండ్లికై చేసిన కాసులపేరును తానే మూసలో వేసి కరగించుట మా ముత్తాతగారి వంతయ్యెను. కరగించుటకు ముందు ప్రతి నగను చిట్టాలో వ్రాసి, కాగితముమీద దాని రూపును గీసికొనిరి. ఎందుకని అడిగినవారితో, మంచిదినములు వచ్చినప్పుడు ఇదే నగ మరల చేసియిత్తునని చెప్పెడివారట. మరల చేయించుకొనగలిగినవారు కొందరే. ఆ బొమ్మలు మాత్రము మా యింట నేటికిని భద్రముగా నున్నవి.

మా తాతగారు తెనాలికి వచ్చి అంగడి తెరచిరి. రేపల్లె వ్యాపారము చిన్నతాతగారి వంతయ్యెను. కొంతకాలమునకు మా పినతండ్రిగారు బాపట్లలో మరియొక చిన్న అంగడి పెట్టిరి. తెనాలి మూడు కాలువల పట్టణము, రైలు కూడలి, ధాన్యపు మిల్లులకు నెలవు. కుంపటి వెనుక గదిలోనికి పోయి, ముందు గదిలో అద్దాల బీరువా వెలసెను. 1956 నాటి చట్టముతో తూనికలు మారి, తులమునకు బదులు గ్రాములు వచ్చెను. పాత తులము 11.664 గ్రాములు, నేడు జనులు పది గ్రాములనే తులమనుచున్నారు. కాసు అను మాట మాత్రము నిలిచినది. ఇంగ్లీషు సవరను నాణెము ఎనిమిది గ్రాములకు ఇంచుక తక్కువ తూగును, దాని మచ్చము ఇరువదిరెండు కారట్లు. దానినిబట్టి ఎనిమిది గ్రాములను కాసని మన స్త్రీలు నేటికిని లెక్కించుచున్నారు. హిందువులకు పుస్తెలు, క్రైస్తవులకు శిలువగుర్తుగల తాళియు ఉంగరములును, మహమ్మదీయులకు వారి మచ్చుల నగలు, అన్నియు ఒకే కుంపటిమీద తయారయ్యెడివి.

ఆ కాలమున పెద్ద నగల వర్తకమునకు మద్రాసు ప్రసిద్ధి. గుంటూరు జిల్లాకును అదియే రాజధాని. అచ్చట 1900 ప్రాంతమున వుమ్మిడి బంగారు చెట్టిగారు స్థాపించిన వర్తకము తరతరములుగా సాగుచు వచ్చినది. 1947 ఆగస్టు 14వ తేదీ రాత్రి జవహర్‌లాల్ నెహ్రూగారికి సమర్పింపబడిన సెంగోలు అను రాజదండమును తిరువావడుతురై ఆధీనమువారి కోరికపై చేసినవారు ఆ కుటుంబమువారే. బహుకాలము అలహాబాదు ప్రదర్శనశాలలో నుండిన ఆ దండము 2023 మే 28వ తేదీన నూతన పార్లమెంటు భవనమునకు చేరెను. దానిని చేయుటలో పాల్గొన్న వుమ్మిడి యెతిరాజులుగారు అప్పటికి తొంబదియేండ్లు దాటిన వృద్ధులై జీవించియుండిరి. డెబ్బదియైదేండ్ల పిమ్మట ఒక వస్తువును చూచి ఇది మేము చేసినదని చెప్పగల కుటుంబ ముండుట సామాన్యమైన సంగతి కాదు. వారి వర్తకమెక్కడ, మా చిన్న అంగడి యెక్కడ! అయినను వృత్తిధర్మ మొక్కటియే: చేసినదానిని గుర్తెరుగవలెను, దానికి బాధ్యత వహింపవలెను.

1963 జనవరిలో మా తాతగారి తలపై పిడుగు పడెను. చైనాతో యుద్ధము జరిగిన మరుచటి నెలలవి. బంగారపు దొంగరవాణాను అరికట్టి విదేశమారకమును కాపాడు నుద్దేశముతో, ఆర్థికమంత్రి మొరార్జీ దేశాయిగారి కాలమున, కేంద్రప్రభుత్వము బంగారు నియంత్రణ నిబంధనలు విధించెను. పదునాలుగు కారట్లకు మించిన మచ్చముతో క్రొత్త నగలు చేయరాదు. అనగా వెయ్యింట 916 పాళ్ల బంగారమునకు అలవాటుపడిన చేతులు 583 పాళ్ల బంగారముతో పని చేయవలెను. ఆ లోహము గట్టిది; సన్నని తీగ తీయబోగా తెగును, ఎఱ్ఱగా కనబడును. దానితో పుస్తెలు చేయించుటకు ఏ తల్లియు ఒప్పుకొనలేదు. దేశమంతట లక్షలకొలది స్వర్ణకారులు పనిలేక అల్లాడిరి. ప్రాణములు తీసికొన్నవారును కలరు.

మా అంగడి వెనుక గదిలో అప్పుడు ఆరు కుంపట్లుండెను. ఆరు నెలలలో ఒక్కటి మిగిలెను. పనివారిలో ఒకడు రిక్షా త్రొక్కెను. ఒకడు కృష్ణ దాటి బందరు చిలకలపూడిలో గిల్టునగల పనికి కుదిరెను. తక్కినవారు కోతలకు, నూర్పులకు పోయిరి. దొంగచాటుగా పాత మచ్చముతో చేసి యిమ్మని, రెట్టింపు మజూరీ యిత్తుమని అడుగువారు రాత్రివేళ వచ్చెడివారు. మా తాతగారు చట్టము మీరనొల్లలేదు. అట్లని పదునాలుగు కారట్ల నగను ఇరువదిరెండని చెప్పి అమ్మనును లేదు. పాత నగలకు మెరుగు పెట్టుట, తెగిన గొలుసు అతుకుట, రాళ్లు బిగించుట మొదలగు చిల్లరపనులతో కుటుంబమును నెట్టుకొని వచ్చిరి. మా నాయనమ్మగారు తన మెడలోని నానుతాడు తీసియిచ్చినది ఆ యేటనే. 1966లో పదునాలుగు కారట్ల నిర్బంధము తొలగెను గాని, 1968 నాటి చట్టము రూపమున నియంత్రణ కొనసాగి 1990లో రద్దయ్యెను. ఆరు కుంపట్లు మరల ఎన్నడును వెలుగలేదు. విడిచిపోయిన పనివాని కుమారుడు వేరొక వృత్తి నేర్చుకొనును. చేతి నేర్పు ఒక తరము తెగినచో మరల అతుకుట కష్టము.

నేను మన పాఠశాలలో చదువుకొను దినములలో బైబిలు పాఠము చెప్పు ఉపాధ్యాయులు మలాకీ గ్రంథము మూడవ అధ్యాయమందలి లోహశోధకుని ఉపమానమును వివరించుచు, నన్ను లేవదీసి, మీ యింట బంగారము నెట్లు శుద్ధిచేయుదురో తరగతికి చెప్పుమనిరి. మూసలో పాత బంగారముతోపాటు వెలిగారము, సురేకారము వేసి కరగింతురనియు, నాసిలోహములు కొంత మష్టుగా పైకి తేలుననియు, కరగిన లోహమును విడిచి కంసాలి లేచిపోరాదనియు నాకు తెలిసినంత చెప్పితిని. ఉపాధ్యాయులు సంతోషించి, శోధించువాడు ప్రక్కనే కూర్చుండుననుట మఱవకుడని తరగతికి చెప్పిరి. మా వృత్తిపనికి బడిలో గౌరవము దొరుకుట నాకదే మొదలు.

1977 నవంబరు 19వ తేదీన దివిసీమ ఉప్పెన వచ్చెను. సముద్రము ఊళ్లమీదికి వచ్చి వేలకొలది ప్రజలను పొట్టనబెట్టుకొన్నది. దివిసీమకును రేపల్లెకును నడుమ కృష్ణానదియే అడ్డము; ఆ కాలమున అవతలి యొడ్డువారు పెనుమూడి రేవున పడవ దిగి సరకులకు, రైలుకు రేపల్లె వచ్చెడివారు. అందుచేత చిన్నతాతగారి చిట్టాలో ఆ గ్రామముల పేర్లు అనేకము లుండెను. గాలివాన వెలిసిన తరువాత ఆయన పెట్టె తెరచి చూడగా, బాగుచేయుటకై యిచ్చిన నగల పొట్లములు పదునొకండు, అవతలి యొడ్డువారివి, మిగిలియుండెను. రేవు తెరచిన వెంటనే ఆయన చిట్టా సంకనబెట్టుకొని పడవ యెక్కి, ఊరూర విచారించి, కొందరి నగలు వారికే, కొందరివి వారి రక్తసంబంధులకు చేర్చిరి. చివరకు ఒక్క పొట్లము మిగిలెను. అందొక జత కమ్మలు. ఒక కమ్మకు నడిమి కెంపు లేదు. చిట్టాలో ఊరిపేరు, ఇంటిపేరు ఉన్నవి. ఆ ఊరిలో ఆ యిల్లు లేదు, ఆ యింటివారెవరును లేరని చెప్పిరి.

ఆ పొట్లము ఏడేండ్లు పెట్టెలో నుండెను. ఏటేట దీపావళికి లెక్కలు చూచుకొనునప్పుడు చిన్నతాతగారు దానిని తూచి, తూకము వ్రాసి, మరల పెట్టెలో పెట్టెడివారు. దారిద్ర్యము లేని యేండ్లు కావవి. ఆయన రెండవ కుమార్తె వివాహమునకు బంగారము చాలక అప్పు చేసిరి గాని ఆ పొట్లము విప్పలేదు.

పిమ్మట ఒక దినమున బాపట్లలోని మా పినతండ్రిగారి అంగడికి ఒక యువకుడు తన పెండ్లికి పుస్తెలు చేయింపవచ్చెను. ఊరేదని అడుగగా ఫలానా అని చెప్పి, అచ్చట తనవారెవరును లేరనియు, ఉప్పెననాడు తాను బాపట్లలో బంధువులయింట చదువుకొనుచుండుటచే బ్రతికితిననియు చెప్పెను. ఆ ఊరిపేరు మా కుటుంబములో అందరకు కంఠస్థము. పినతండ్రిగారు పొట్లము మాట యెత్తక, మీ తల్లిగారి నగలేమైన జ్ఞప్తియందున్నవా అని అడిగిరి. కమ్మలుండెడివి, ఒకదాని కెంపు ఊడి ధాన్యపు గాదెలో పడగా దానికై నేను పూటంతయు వెదకితిని, దొరకలేదు అని అతడు చెప్పెను. మరుసటి దినమున చిన్నతాతగారు స్వయముగా రైలెక్కి తెనాలిమీదుగా బాపట్ల వచ్చి, చిట్టాయు పొట్లమును అతనియెదుట పెట్టి, తూచి, అప్పగించిరి. క్రొత్త కెంపు బిగించి యిత్తునన్నను అతడు వలదనెను. తల్లి చేతి వస్తువు ఆ ఖాళీతోనే తనకు కావలెననెను. మజూరీ లెక్కలో చిన్నతాతగారు సున్న వ్రాసిరి. ఆ పుటను నేను చూచితిని.

మా కాలమునకు వర్తకము పూర్తిగా మారినది. 1990 తరువాత నగరములందలి పెద్ద సంస్థలు చిన్న పట్టణములకును వచ్చెను. యంత్రములమీద చేసిన నగలు, వెలుగుల అలంకారములు, వాయిదాపద్ధతులు వెంట వచ్చెను. 2000 సంవత్సరమునుండి బంగారు నగలకు భారత ప్రమాణముల సంస్థవారి హాల్‌మార్కు ముద్ర మొదలయ్యెను. 2021 జూన్ 16వ తేదీనుండి అనేక జిల్లాలలో అది తప్పనిసరియై, ప్రతి నగకును ఆరు అక్షరాంకముల గుర్తు చెక్కు పద్ధతి వచ్చెను. ఎక్స్‌కిరణముల యంత్రము నగను గీయకయే క్షణములో మచ్చము చెప్పును. నా కుమార్తె రసాయనశాస్త్రము చదివి ఆ యంత్రపు పని నేర్చుకొన్నది. మా వంశమున మచ్చము చూచు పీటమీద కూర్చున్న మొదటి స్త్రీ ఆమెయే. గీటురాయిని ఏమి చేయుదమని ఆమె నన్నడిగినది.

ఆ ప్రశ్న చిన్నదికాదు. మచ్చమునకు ప్రభుత్వముద్రయే సాక్ష్యమైనప్పుడు, నాలుగు తరములుగా మేము కాపాడిన మాటకు పని యేమున్నది? ఈ ముద్రను నేను మనసార స్వాగతించుచున్నాను. మా ముత్తాతగారిని వెంటాడిన సామెతకు అది మంచి సమాధానము. పేదరాలు సైతము ఎవరినీ బతిమాలక సత్యము తెలిసికొనగలదు. అయినను ముద్ర చెప్పని సంగతులు కొన్ని గలవు. తరుగు పేరిట ఎంత కలిపిరో అది చెప్పదు. రాళ్ల బరువును బంగారపు ధరకు లెక్కగట్టిరో లేదో చెప్పదు. పిల్లవాని చదువుకై తల్లి గాజులు అమ్మవచ్చినప్పుడు, అమ్మా, అమ్మవలదు, బ్యాంకులో కుదువబెట్టుము, మరల విడిపించుకొందువు అని చెప్పదు. ఏడేండ్లు ఒక పొట్లమును తూచి దాచుమని ఏ చట్టమును మా చిన్నతాతగారిని నిర్బంధింపలేదు.

కావున గీటురాయిని పెట్టెలో పెట్టి, చిట్టాను మాత్రము కొనసాగింపుమని నా కుమార్తెకు చెప్పితిని. ఆమె యిప్పుడు లెక్కలన్నియు కంప్యూటరులో వ్రాయుచు, బాగుచేయుటకు వచ్చిన నగలకు మాత్రము చేతిచిట్టా ఉంచినది. ఆ నగల రూపును ముత్తాతగారివలె గీయుటయు నేర్చుకొనుచున్నది. వెనుక గదిలో కుంపటి యొక్కటి వెలుగుచున్నది. దానియొద్ద కూర్చుండువాడు అరువదియేండ్ల వృద్ధుడు. అతని పిమ్మట ఎవరో నేను చెప్పలేను. పని నేర్చుకొన గోరు బాలుడుగాని బాలికగాని వచ్చినచో, ఏ కులమువారైనను, ఏ మతమువారైనను, జీతమిచ్చి నేర్పుటకు మేము సిద్ధముగా నున్నాము.

తల్లిదండ్రులకు ఒక మాట. నగ కొనునప్పుడు సంస్థ ముద్ర, 22కె916 వంటి మచ్చపు గుర్తు, ఆరు అక్షరాంకముల సంఖ్య, ఈ మూడును అడిగి చూడుడు. రాళ్లు తీసివేసిన తూకము వేరుగా వ్రాయించుకొనుడు. తరుగు, మజూరీ విడివిడిగా చూపు రసీదు లేనిదే రూక యీయకుడు. ఇట్లు అడుగుటవలన మంచి వర్తకుడు నొచ్చుకొనడు. అతని తాతముత్తాతలు కోరినదియు అదియే.

విద్యార్థులారా, మీరు ముందుముందు వైద్యులో, న్యాయవాదులో, ఉద్యోగులో, వర్తకులో కాగలరు. ఏ వృత్తియందైనను ఇతరులు తాము పరీక్షింపజాలని వస్తువును మీ చేతి కప్పగింతురు. రోగి తన దేహమును, కక్షిదారు తన ఆస్తిని, తల్లి తన బిడ్డను అప్పగించును. అప్పుడు మీయొద్దను ఒక చిట్టా ఉండుగాక. ఎవరిది, ఏమి, ఎంత యని అందు వ్రాసికొని, అడుగవచ్చువారు లేకున్నను ఏటేట తీసి చూచుకొనుచు, వచ్చిననాడు సరిగా తూచి అప్పగింపుడు.